షేర్ ఫోల్డర్ తెరుచుకోనప్పుడు తాళాలన్నీ తీసేయడం పరిష్కారం కాదు

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దాంతో ఆడిటర్ల ఆఫీసులు, డీటీపీ సెంటర్లు, మెడికల్ ఏజెన్సీలు, రైస్ మిల్లుల లెక్కల గదులు ఒక్కొక్కటిగా విండోస్ 11కి మారుతున్నాయి. మారిన మర్నాడు వినిపించే ఫిర్యాదు దాదాపు ఒకేలా ఉంటుంది: "నిన్నటిదాకా మెయిన్ సిస్టమ్‌లోని ట్యాలీ డేటా బాగానే తెరుచుకునేది. ఇవాళ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతోంది. ఏం కొట్టినా తీసుకోవట్లేదు."

కబురు పెడితే వచ్చిన సిస్టమ్ కుర్రాడు సాధారణంగా నాలుగు పనులు చేస్తాడు. ఫైర్‌వాల్ ఆపేస్తాడు. ఫోల్డర్ మీద 'ఎవ్రీవన్'కి 'ఫుల్ కంట్రోల్' ఇస్తాడు. 'పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్' ఆఫ్ చేస్తాడు. అప్పటికీ కుదరకపోతే, విండోస్ ఫోల్డర్లు పంచుకునే పాత పద్ధతి అయిన ఎస్‌ఎంబీ 1 ఆన్ చేసి రీస్టార్ట్ కొడతాడు. వీటిలో ఏదో ఒకటి పనిచేస్తుంది. ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు కాబట్టి నాలుగూ అలాగే తెరిచి ఉండిపోతాయి. జీతాల షీట్లు, జీఎస్టీ లెక్కలు, క్లయింట్ల పాన్ కార్డు కాపీలు ఉన్న కంప్యూటర్ ఆ రోజు నుంచి వైఫై పాస్‌వర్డ్ తెలిసిన ప్రతి ఒక్కరికీ అందుబాటులోకి వస్తుంది. కొన్నాళ్లకు ఇంకో అప్‌డేట్ వచ్చి మళ్లీ ఆగిపోతే, తీయడానికి తాళాలు కూడా మిగలవు.

నిజానికి ఇంత అవసరం లేదు. ఎక్కడ ఆగిందో విండోస్ తనే చెబుతుంది. చెప్పే భాష మొరటుగా ఉంటుంది గానీ, నంబర్ మాత్రం చాలావరకు దారి చూపిస్తుంది.

ఒక కంప్యూటర్‌లోని ఫోల్డర్ ఇంకో కంప్యూటర్‌లో తెరుచుకోవాలంటే కొన్ని పనులు వరసగా జరగాలి. ముందు అవతలి మెషీన్ పేరు ఐపీ అడ్రస్‌గా, అంటే నెట్‌వర్క్‌లో దాని నంబర్‌గా మారాలి. ఆ అడ్రస్‌లో 445 నంబర్ పోర్టు తలుపు తీసి ఉండాలి. తర్వాత అడుగుతున్నది ఎవరో తేలాలి. చివరికి ఆ మనిషికి ఆ ఫోల్డర్ మీద హక్కు ఉండాలి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'నెట్ యూజ్' అని కొట్టి, పక్కన \\192.168.29.15 లాంటి అడ్రస్, దాని వెనక షేర్ పేరు ఇస్తే, ఫెయిలైనప్పుడు 'సిస్టమ్ ఎర్రర్' అంటూ ఒక చిన్న నంబర్ వస్తుంది. 53 వస్తే దారే దొరకలేదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో 80070035తో ముగిసే పొడుగాటి కోడ్ చెప్పేదీ ఇదే. 67 వస్తే మెషీన్ దొరికింది గానీ ఆ పేరుతో షేర్ లేదు, స్పెల్లింగ్ సరిచూసుకోవాలి. 1326 వస్తే యూజర్‌నేమ్ గానీ పాస్‌వర్డ్ గానీ తప్పు. 5 వస్తే 'యాక్సెస్ డినైడ్', అంటే మనిషిని గుర్తుపట్టింది, ఆ ఫోల్డర్ మాత్రం ఇవ్వనంది.

ఈ తేడా తెలిస్తే సగం పని తప్పుతుంది. ఎర్రర్ 5 వచ్చినప్పుడు ఫైర్‌వాల్ ఆపడం పూర్తిగా అనవసరం. 'నీకు అనుమతి లేదు' అని అవతలి కంప్యూటర్ జవాబిచ్చిందంటేనే ఫైర్‌వాల్ అడ్డురాలేదని అర్థం. అలాగే 53 వచ్చినప్పుడు పర్మిషన్లు మార్చడం దండగ. పర్మిషన్ల దాకా ఇంకా ఎవరూ వెళ్లలేదు.

అన్నిటికంటే ముందు ఒక అపోహ. ఎక్స్‌ప్లోరర్‌లో 'నెట్‌వర్క్' మీద నొక్కితే ఫలానా కంప్యూటర్ కనిపించడం లేదు కాబట్టి షేరింగ్ పోయిందని చాలామంది అనుకుంటారు. ఆ జాబితా వేరు, ఫోల్డర్ తెరుచుకోవడం వేరు. ఒకప్పుడు ఆ జాబితాను నడిపిన 'కంప్యూటర్ బ్రౌజర్' సర్వీస్ ఎస్‌ఎంబీ 1 మీద ఆధారపడేది, దాంతోపాటే అదీ పోయింది. ఇప్పుడు ఆ పని డబ్ల్యూఎస్-డిస్కవరీ అనే కొత్త పద్ధతి చేస్తుంది. ఫోల్డర్ ఉన్న మెషీన్‌లో 'ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్' అనే సర్వీస్ నడుస్తుంటేనే దాని పేరు పక్కవాళ్ల జాబితాలోకి వస్తుంది. అది ఆగి ఉంటే జాబితాలో కనిపించకపోయినా, అడ్రస్ బార్‌లో ఐపీ కొడితే ఫోల్డర్ తెరుచుకోవచ్చు. జాబితా కోసం గంటలు ఖర్చుపెట్టడం కంటే ఒక డ్రైవ్ మ్యాప్ చేసుకోవడం, అంటే ఆ ఫోల్డర్ మన మెషీన్‌లో ఒక డ్రైవ్‌లా కనిపించేలా పెట్టుకోవడం మేలు.

53 వచ్చినప్పుడు మొదట చూడాల్సింది రెండు మెషీన్ల ఐపీ అడ్రస్‌లు. 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే ఆ మెషీన్‌కి రూటర్ నుంచి అడ్రస్సే అందలేదు. కేబుల్, స్విచ్, వైఫై చూసుకోవాలి, మిగతావన్నీ తర్వాత. ఒకదానికి 192.168.29 తోనూ ఇంకోదానికి 192.168.0 తోనూ మొదలయ్యే అడ్రస్‌లు ఉంటే, అవి రెండు వేర్వేరు నెట్‌వర్క్‌లలో ఉన్నట్టు. మన ఊళ్లలో ఇది ఎక్కువ. జియోఫైబర్ బాక్స్ తన నెట్‌వర్క్‌ని 192.168.29.1 మీద నడుపుతుంది. వెనక గదికి సిగ్నల్ అందడం లేదని పాత రూటర్ ఒకటి తెచ్చి, దాని వ్యాన్ పోర్టులో (ఇంటర్నెట్ కేబుల్ పెట్టే చోట) కేబుల్ గుచ్చుతారు. ఆ రూటర్ వెనక రెండో నెట్‌వర్క్ తయారవుతుంది. ఇంటర్నెట్ అన్నిచోట్లా వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ఇలాంటి చోట లక్షణం విచిత్రంగా ఉంటుంది. వెనక గదిలోని కంప్యూటర్ నుంచి ముందు గది ఫోల్డర్ తెరుచుకుంటుంది, ముందు గది నుంచి వెనక గది ఫోల్డర్ తెరుచుకోదు. రెండో రూటర్ తన వెనకున్న వాళ్లని బయటికి వెళ్లనిస్తుంది గానీ, బయటివాళ్లని లోపలికి రానివ్వదు. ఒకవైపు నుంచే పనిచేస్తోందని ఎవరైనా చెబితే ముందుగా రెండో రూటర్ ఉందేమో అడగాలి. మార్గం సులువే: ఆ రూటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే సొంత నెట్‌వర్క్ తయారుచేయకుండా సిగ్నల్ మాత్రమే అందించేలా పెట్టాలి. ఆ సదుపాయం లేకపోతే అందులో అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ ఆపి, దాని అడ్రస్ మొదటి రూటర్ నెట్‌వర్క్‌లోకి మార్చి, కేబుల్‌ని వ్యాన్ పోర్టులోంచి తీసి ల్యాన్ పోర్టులో పెట్టాలి. గెస్ట్ వైఫైకి కనెక్టయిన లాప్‌టాప్‌దీ దగ్గరదగ్గర ఇదే కథ. మిగతా మెషీన్లతో మాట్లాడనివ్వకుండా ఉంచడమే గెస్ట్ వైఫై పని.

కరెంటు పోయి వచ్చాక ఆగిపోయే షేరింగ్ ఇంకో రకం. రూటర్ రీస్టార్ట్ అయ్యాక, నిన్న 15తో ముగిసిన అడ్రస్ ఇవాళ 22తో ముగియొచ్చు. ఐపీతో మ్యాప్ చేసిన డ్రైవ్ పాత అడ్రస్‌నే వెతుకుతూ ఉంటుంది. ఫోల్డర్ ఉన్న మెషీన్‌కి రూటర్‌లోనే ఒక అడ్రస్ రిజర్వ్ చేసేస్తే ఈ బెడద పోతుంది. మధ్యాహ్నం భోజనాల తర్వాత మాత్రమే ఆగుతోందంటే, ఆ మెషీన్ స్లీప్‌లోకి వెళ్తోందేమో చూడాలి.

అడ్రస్‌లు సరిగానే ఉన్నాయనుకుందాం. అప్పుడు అందరూ చేసేది పింగ్, అంటే అవతలి మెషీన్ పలుకుతుందేమో చూసే పరీక్ష. జవాబు వస్తే మంచిదే. రాకపోతే మాత్రం దాన్నిబట్టి ఏమీ తేల్చకూడదు. పబ్లిక్ అని గుర్తుపెట్టిన నెట్‌వర్క్‌లో విండోస్ ఫైర్‌వాల్ మామూలుగా పింగ్‌కి జవాబివ్వనివ్వదు. సరైన పరీక్ష పవర్‌షెల్‌లో 'టెస్ట్-నెట్‌కనెక్షన్' కమాండ్, పోర్టు నంబర్ 445తో. చివరి వరుసలో 'ట్రూ' వస్తే దారి పూర్తిగా బాగున్నట్టే, ఇక ఫైర్‌వాల్ జోలికి వెళ్లక్కర్లేదు. 'ఫాల్స్' వస్తే ఫోల్డర్ ఉన్న మెషీన్‌లో నెట్‌వర్క్ ప్రొఫైల్ పబ్లిక్‌గా ఉందేమో చూసి ప్రైవేట్ చేయాలి. విండోస్ 11 కొత్త నెట్‌వర్క్‌ని మామూలుగా పబ్లిక్‌గానే లెక్కేస్తుంది. రూటర్ మార్చినా అది కొత్త నెట్‌వర్క్ కిందే లెక్క. అందుకే రూటర్ మార్చిన రోజున షేరింగ్ పోవడం మామూలు. ప్రైవేట్ చేసినా రాకపోతే, విండోస్ ఫైర్‌వాల్ కాకుండా యాంటీవైరస్‌తో వచ్చిన సొంత ఫైర్‌వాల్ ఏదైనా నడుస్తోందేమో చూడాలి. దాన్ని కూడా ఆపేయక్కర్లేదు, ఆఫీస్ నెట్‌వర్క్‌ని నమ్మకమైనదిగా గుర్తుపెడితే చాలు.

ఇక అసలు చిక్కు మూడో మెట్టు దగ్గర ఉంది. ఇటీవలి సమస్యల్లో ఎక్కువ భాగం ఇక్కడివే.

చాలా ఏళ్లపాటు చిన్న ఆఫీసుల్లో షేరింగ్ నడిచింది గెస్ట్ మీద. 'పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్' ఆఫ్ చేస్తే, ఎవరో తెలియని మనిషి వచ్చినా గెస్ట్‌గా లోపలికి వచ్చేవాడు. పాస్‌వర్డ్ గొడవ ఉండేది కాదు. 2024 అక్టోబర్ నుంచి అందుబాటులోకి వచ్చిన విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌లో ఈ పద్ధతికి రెండు వైపుల నుంచి దారి మూసుకుపోయింది. ప్రో ఎడిషన్‌లో గెస్ట్‌గా వెళ్లడమే డిఫాల్ట్‌గా ఆపేశారు. దానికితోడు ఎస్‌ఎంబీ సైనింగ్ తప్పనిసరి చేశారు. అంటే రెండు మెషీన్ల మధ్య నడిచే ప్రతి మెసేజ్ మీదా, మధ్యలో ఎవరూ మార్చలేదని రుజువు చేసే సంతకం ఉండాలి. ఆ సంతకం పెట్టే కీ లాగిన్ నుంచి పుడుతుంది. గెస్ట్‌కి పాస్‌వర్డే లేదు కాబట్టి కీ ఉండదు, కీ లేనిదే సంతకం ఉండదు. పాత ఎన్‌ఏఎస్ బాక్సులు (నెట్‌వర్క్‌కి నేరుగా తగిలించే డిస్క్ పెట్టెలు), రూటర్ వెనక గుచ్చిన హార్డ్ డిస్కులు కొత్త కంప్యూటర్‌లో తెరుచుకోకపోవడానికి కూడా తరచూ ఇదే కారణం.

హోమ్ ఎడిషన్‌లో ఈ కట్టుబాట్లు ఇంకా డిఫాల్ట్ కాలేదు. కాబట్టి ఒకే ఆఫీసులో హోమ్ ఎడిషన్ లాప్‌టాప్‌లో తెరుచుకునే ఫోల్డర్ కొత్తగా కొన్న ప్రో మెషీన్‌లో తెరుచుకోదు. ఎర్రర్ 1272 వస్తే సంగతి ఇదేనని రూఢి చేసుకోవచ్చు. మీ సంస్థ సెక్యూరిటీ పాలసీలు గెస్ట్ యాక్సెస్‌ను అడ్డుకుంటున్నాయని అందులో రాసి ఉంటుంది. ముగ్గురు పనిచేసే షాపులో 'సంస్థ పాలసీ' ఏమిటని జనం తికమక పడతారు. అక్కడ పాలసీ పెట్టినవాళ్లు ఎవరూ లేరు, విండోస్ డిఫాల్ట్ సెట్టింగే దాని అర్థం. అంటే ఇన్నాళ్లూ మందుగా వాడిన 'పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ ఆఫ్' ఇప్పుడు జబ్బుకే కారణమవుతోంది.

విండోస్ లోపలి సెట్టింగులు ఉండే రిజిస్ట్రీలో మార్పులు చేసి గెస్ట్‌ని మళ్లీ తెరవొచ్చు. ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో చాలా వాటిది ఇదే బాట. అది చేయకూడదు. చేయాల్సింది ఇంతకంటే సులువు: ఫోల్డర్ ఉన్న మెషీన్‌లో షేరింగ్ కోసమే ఒక లోకల్ అకౌంట్ తెరిచి, దానికి పాస్‌వర్డ్ పెట్టి, మిగతా మెషీన్లలో ఆ వివరాలు ఒకసారి కొట్టి సేవ్ చేయడం. ఐదు కంప్యూటర్ల ఆఫీసులో అరగంట పని.

లోకల్ అకౌంట్, అంటే ఆ ఒక్క మెషీన్‌కే చెందిన అకౌంట్ అని గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఇప్పుడు చాలా కంప్యూటర్లు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో, నాలుగంకెల పిన్‌తో నడుస్తున్నాయి. పక్క మెషీన్ పాస్‌వర్డ్ అడిగినప్పుడు రోజూ కొట్టే పిన్‌నే అక్కడా కొడతారు. పిన్ అది పెట్టిన మెషీన్‌ ముందు కూర్చుంటేనే చెల్లుతుంది, నెట్‌వర్క్ మీద ఎప్పటికీ చెల్లదు. అక్కడ అడిగేది ఈమెయిల్ ఐడీ, దాని అసలు పాస్‌వర్డ్. ఆ పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు. గుర్తున్నా, ఆ మెషీన్‌లో పిన్‌తోనే లాగిన్ అవుతూ వచ్చి పాస్‌వర్డ్‌తో ఒక్కసారి కూడా లాగిన్ కాకపోతే తిరస్కరించే అవకాశం ఉంది. పైగా సి డ్రైవ్‌లో కనిపించే యూజర్ ఫోల్డర్ పేరు ఈమెయిల్ మొదటి ఐదు అక్షరాలతో తయారవుతుంది. దాన్నే యూజర్‌నేమ్ అనుకుని కొడుతుంటారు. ఇక పాస్‌వర్డే లేని లోకల్ అకౌంట్ సంగతి: ఖాళీ పాస్‌వర్డ్‌తో నెట్‌వర్క్ మీద లాగిన్ కానివ్వకపోవడం విండోస్ డిఫాల్ట్. టెన్షన్ పడి పదేపదే ప్రయత్నించినా ఫలితం ఉండదు.

కొత్త అకౌంట్ వివరాలు కొట్టేటప్పుడు యూజర్‌నేమ్ ముందు ఆ మెషీన్ పేరు, ఒక బ్యాక్‌స్లాష్ పెట్టడం మంచి అలవాటు. ఏ మెషీన్‌లోని అకౌంటో అప్పుడు అనుమానం ఉండదు. అన్నీ సరిగ్గా కొట్టినా 1326 వస్తూనే ఉంటే, ఎప్పుడో సేవ్ చేసిన పాత పాస్‌వర్డ్, విండోస్ పాస్‌వర్డ్‌లు దాచుకునే క్రెడెన్షియల్ మేనేజర్‌లో కూర్చుని ఉండొచ్చు. దాన్ని తీసేయాలి. 1219 వస్తే, అదే మెషీన్‌కి వేరే యూజర్‌తో ముందే ఒక కనెక్షన్ తెరిచి ఉందన్నమాట. ఒకే మెషీన్‌కి ఒకేసారి ఇద్దరు యూజర్లుగా వెళ్లడానికి విండోస్ ఒప్పుకోదు. పాత కనెక్షన్లను 'నెట్ యూజ్'తోనే తొలగించి, సైనవుట్ అయి మళ్లీ ప్రయత్నించాలి.

పాస్‌వర్డ్, అకౌంట్, ఫైర్‌వాల్ అన్నీ బాగున్నా లాగిన్ ఫెయిలయ్యే కొత్త సందర్భం 2025లో వచ్చి చేరింది. షాపుల్లో నాలుగైదు కంప్యూటర్లు ఒకేసారి కొంటే, ఒకదాంట్లో విండోస్ ఎక్కించి, ఆ డిస్క్‌నే మిగతావాటికి క్లోన్ చేసి ఇస్తుంటారు. దాంతో మెషీన్ గుర్తింపు నంబర్ అయిన ఎస్‌ఐడీ అన్నిటికీ ఒకటే అవుతుంది. ఇన్నాళ్లూ దీనివల్ల షేరింగ్‌కి పెద్ద ఇబ్బంది రాలేదు. 2025 ఆగస్టు చివరి నుంచి వచ్చిన అప్‌డేట్లలో 24హెచ్2, దాని తర్వాతి వెర్షన్లు ఎస్‌ఐడీ ఒకటే అయిన మెషీన్ల మధ్య లాగిన్‌ను తిరస్కరిస్తున్నాయి. బయటి నుంచి చూస్తే పాస్‌వర్డ్ తప్పన్నట్టే ఉంటుంది. క్లోన్ చేసే ముందు, ప్రతి కాపీకి కొత్త ఎస్‌ఐడీ వచ్చేలా చేసే సిస్‌ప్రెప్ అనే విండోస్ సాధనం నడిపి ఉంటే ఈ పరిస్థితి వచ్చేది కాదు. ఇప్పుడు ఆ మెషీన్లలో విండోస్ మళ్లీ పద్ధతిగా ఎక్కించుకోవాల్సిందే. కొత్త కంప్యూటర్లు కొంటున్నవాళ్లు ఈ సంగతి అమ్మేవాళ్లని ముందే అడగడం మంచిది.

ఎస్‌ఎంబీ 1 విషయం కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే తెలుగు డీటీపీ రంగానికి దానితో ఇంకా బంధం తెగలేదు. ఎస్‌ఎంబీ 1980ల్లో ఐబీఎంలో పుట్టిన పద్ధతి. దాని మొదటి తరమే ఎస్‌ఎంబీ 1, విండోస్ ఎక్స్‌పీకి తెలిసింది అదొక్కటే. పెళ్లిపత్రికలు, కరపత్రాలు వేసే చాలా షాపుల్లో పేజ్‌మేకర్, అను ఫాంట్లు ఉన్న ఎక్స్‌పీ మెషీన్ ఒకటి ఇంకా పనిచేస్తోంది. ఏళ్ల తరబడి చేసిన డిజైన్లన్నీ అందులోనే ఉంటాయి. దాన్నీ కొత్త మెషీన్‌నీ కలపడానికి ఎస్‌ఎంబీ 1 ఆన్ చేస్తారు.

2017 మే 12న ప్రపంచమంతా పాకిన వానాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) ఈ ఎస్‌ఎంబీ 1లోని లోపం గుండానే మెషీన్ నుంచి మెషీన్‌కి దూకింది. ఎవరూ ఏ లింకూ నొక్కనక్కర్లేకుండా పాకింది. మైక్రోసాఫ్ట్ అప్పటికే మార్చిలో ప్యాచ్ ఇచ్చింది, వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 1709 వెర్షన్ నుంచి కొత్త ఇన్‌స్టలేషన్లలో ఎస్‌ఎంబీ 1 డిఫాల్ట్‌గా రావడం మానేసింది. వాడకుండా వదిలేస్తే కొద్ది రోజులకు తనంతట తానే తొలగిపోయేలా కూడా ఏర్పాటు ఉంది. "మొన్న ఆన్ చేశాం, మళ్లీ పోయింది" అనే మాటకు కారణం ఒక్కోసారి అదే కావచ్చు.

ఎక్స్‌పీ మెషీన్ వదులుకోలేని షాపుకి కాస్త సురక్షితమైన దారి ఒకటుంది. విండోస్ ఫీచర్లలో ఎస్‌ఎంబీ 1 కింద క్లయింట్, సర్వర్ అని విడివిడి టిక్కులు ఉంటాయి. కొత్త మెషీన్లలో ఒక్కదాంట్లో, క్లయింట్ మాత్రమే ఆన్ చేస్తే, అది వెళ్లి ఎక్స్‌పీ నుంచి ఫైళ్లు తెచ్చుకోగలదు గానీ, తన ఫోల్డర్ల కోసం ఎస్‌ఎంబీ 1లో వచ్చేవాళ్లకి జవాబివ్వదు. ఎక్స్‌పీ మెషీన్‌కి ఇంటర్నెట్ లేకుండా చూసుకోవాలి. ఇది తాత్కాలిక ఏర్పాటే. పాత డిజైన్లు ఒక డిస్క్‌లోకి ఎక్కించుకుని, ఎక్స్‌పీని కొత్త కంప్యూటర్‌లో వర్చువల్ మెషీన్‌గా, అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నడుపుకోవడం మంచి మార్గం. పైగా ఆ పాత హార్డ్ డిస్క్ ఎన్నాళ్లు ఆడుతుందో ఎవరు చెప్పగలరు?

స్కాన్ చేసి నేరుగా ఫోల్డర్‌లో వేసే జిరాక్స్ మెషీన్ల సంగతి కూడా ఇక్కడిదే. కొన్ని పాత మోడళ్లకి ఎస్‌ఎంబీ 1 తప్ప రాదు, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉందేమో కనుక్కోవాలి. కొత్తవి ఆగిపోతే మాత్రం వాటి అడ్రస్ బుక్‌లో ఉన్న పాస్‌వర్డ్ చూడండి. ఆఫీసులో ఎవరో పాస్‌వర్డ్ మార్చి ఉంటారు, మెషీన్‌కి ఆ సంగతి ఎవరూ చెప్పి ఉండరు.

చివరి మెట్టు పర్మిషన్లు. విండోస్‌లో ఇవి రెండు చోట్ల ఉంటాయి: షేర్ మీద ఒకటి, డిస్క్‌లోని ఫోల్డర్ మీద ఇంకొకటి. నెట్‌వర్క్ మీద వచ్చిన మనిషికి ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే దక్కుతుంది. షేర్ దగ్గర 'రీడ్' అని ఉంటే ఫోల్డర్ దగ్గర ఎంత ఇచ్చినా సేవ్ చేయలేరు. ఫైల్ తెరుచుకుంటోంది గానీ సేవ్ కావట్లేదంటే ముందు చూడాల్సింది షేర్ పర్మిషన్‌నే.

ఇందులోనే జనాన్ని బాగా ఏడిపించే ఒక సందర్భం ఉంది. ఫోల్డర్‌లోని అన్ని ఫైళ్లూ తెరుచుకుంటాయి, ఒక్క ఫైల్ మాత్రం 'యాక్సెస్ డినైడ్' అంటుంది. ఆ ఫైల్ ఎలా వచ్చిందో అడిగితే, మెయిన్ సిస్టమ్‌లో కూర్చున్నవాళ్లు డెస్క్‌టాప్ నుంచి కట్ చేసి షేర్ ఫోల్డర్‌లో పేస్ట్ చేశారని తేలుతుంది. ఒకే డ్రైవ్‌లో కట్-పేస్ట్ చేస్తే ఫైల్ తన పాత పర్మిషన్లను వెంటబెట్టుకుని వస్తుంది. కాపీ-పేస్ట్ చేస్తే కొత్త ఫోల్డర్ పర్మిషన్లు తీసుకుంటుంది. ఆ ఫైల్‌ని అక్కడే కాపీ చేసి, పాతది తీసేస్తే సరిపోతుంది. దీనికోసం మొత్తం డ్రైవ్ మీద ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇచ్చిన ఆఫీసులు ఉన్నాయి. ఒక రాన్సమ్‌వేర్ ఒక్క లాప్‌టాప్‌లోకి వస్తే ఆ డ్రైవ్‌లోని ప్రతి ఫైల్‌నీ తాళం వేయడానికి ఆ అనుమతి చాలు. అందుకే డెస్క్‌టాప్‌ని గానీ మొత్తం డ్రైవ్‌ని గానీ షేర్ చేయకుండా, డి డ్రైవ్‌లో విడిగా ఒక ఫోల్డర్ తెరిచి, ముందు తయారుచేసిన అకౌంట్‌కి మాత్రమే దాని మీద హక్కు ఇవ్వాలి.

ఇవన్నీ కుదిరాక కూడా, అందరూ పనిలో ఉన్న వేళ మాత్రమే కొందరికి కనెక్షన్ దొరకడం లేదంటే అది తప్పు కాదు, పరిమితి. మామూలు విండోస్ 10, 11 మెషీన్ తన ఫోల్డర్లను ఒకేసారి 20 కనెక్షన్లకు మించి ఇవ్వదు. ఆఫీసు ఆ స్థాయికి చేరితే, ఆ ఫోల్డర్‌ని ఒక మంచి ఎన్‌ఏఎస్‌కో, విండోస్ సర్వర్‌కో మార్చే సమయం వచ్చినట్టే.